ప్రశ్నాపత్రం ముందే చేతికిచ్చే పరీక్ష: హైస్కూల్ సాకర్ ట్రైఅవుట్లలో పరుగు టెస్టులు

(న్యూజెర్సీలో హైస్కూల్ సాకర్‌కి సిద్ధమవుతున్న పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ వేసవి మొదట్లో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినపడుతోందా అండీ? పిల్లలు కాస్త ముందుకొచ్చి కూర్చోండమ్మా. ఇది అమ్మానాన్నల మీటింగు కాదు, మీదే. పరిగెత్తాల్సింది మీరే కదా.

ట్రైఅవుట్ అంటే స్కూల్ జట్టుకి ఆటగాళ్లని ఎంచుకునే పరీక్ష. అందులో కోచ్ చాలా చూస్తాడు. బంతి కాలికి తగలగానే ఎంత దగ్గర ఆపుతున్నావు, తలెత్తి చూస్తున్నావా, బంతి పోయాక వెనక్కి పరిగెత్తి వస్తున్నావా, ఇవన్నీ చూస్తాడు. అవన్నీ కంటితో వేసే మార్కులు. ఒక్కటి మాత్రం స్టాప్‌వాచ్ వేసే మార్కు. అదే పరుగు టెస్టు. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామంది ఎంసెట్ రాసి వచ్చినవాళ్లే. చెప్పండి, ప్రశ్నాపత్రం రెండు నెలల ముందే ఇంటికి పంపే పరీక్ష ఎక్కడైనా చూశారా? ఇది అదే. ఎంత దూరం, ఎంత టైము, ఏ రోజు అన్నీ చాలామంది కోచ్‌లు జూన్‌లోనే మెయిల్‌లో రాసేస్తారు. అయినా ఆగస్టులో పిల్లలు ఈ ఒక్క టెస్టు దగ్గరే చతికిలబడతారు. ఎందుకు? ఆ మెయిల్‌ని ఎవరూ సరిగ్గా చదవరు కాబట్టి.

సీజన్ సంగతి రెండు ముక్కల్లో. న్యూజెర్సీలో అబ్బాయిలకీ అమ్మాయిలకీ సాకర్ ఫాల్‌లోనే, అంటే ఆగస్టు ఎండల్లోనే ట్రైఅవుట్లు. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో మీ చుట్టాలుంటే వాళ్లది చలికాలం ఆట, వాళ్ల సలహా మీకు పూర్తిగా పనికిరాదు. ఇల్లినాయిలో అబ్బాయిలకి ఫాల్, అమ్మాయిలకి స్ప్రింగ్. కాబట్టి ఇప్పుడు చెప్పేదంతా ఆగస్టుని దృష్టిలో పెట్టుకుని వినండి.

మొట్టమొదట చేయాల్సిన పని, టెస్టు ఏదో పేరుతో సహా తెలుసుకోవడం. "రన్నింగ్ ఉంటుందట" అంటే కుదరదు. ఎందుకంటే రెండు మైళ్ల పరుగు వేరు, బీప్ టెస్టు వేరు, యో-యో వేరు, 120లు వేరు. ఒకదానికి తయారైనవాడు ఇంకోదాంట్లో తడబడతాడు. కోచ్‌కి మెయిల్ పెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ టెస్టు? ట్రాక్ మీదా, టర్ఫ్ మీదా? తప్పితే మళ్లీ అవకాశం ఉందా? ఇది కోత పెట్టడానికా, ఊరికే లెక్క కోసమా? అడగాల్సింది పిల్లలే. అమ్మానాన్నలు కాదు. హైస్కూల్ కోచ్‌కి పిల్లవాడు రాసిన మెయిల్‌కీ తండ్రి రాసిన మెయిల్‌కీ ఉన్న తేడా చాలా పెద్దది, అది నేను విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

ఆ నాలుగో ప్రశ్న ముఖ్యం. కొన్నిచోట్ల టైము అందకపోతే వర్సిటీలో, అంటే స్కూల్ మొదటి జట్టులో, చోటు లేదు, అంతే. కొన్నిచోట్ల టైము అందేవరకు మ్యాచ్ ఆడనివ్వరు, వారం వారం మళ్లీ పరిగెత్తిస్తారు. కొన్నిచోట్ల అది వేసవంతా ఎవరు కదిలారు, ఎవరు సోఫాలో పడుకున్నారు అని చూసుకోవడానికే. మూడింటికీ తయారీ ఒక్కటే, కానీ మనసులో పెట్టుకునే బరువు వేరు.

సరే, రెండు మైళ్ల పరుగు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఎక్కువమంది మునిగేది ఇక్కడే.

వర్సిటీ అబ్బాయిలకి 12 నిమిషాలు అన్నది చాలా స్కూళ్లలో వినిపించే గీత. అమ్మాయిలకి, ఫ్రెష్‌మన్ పిల్లలకి, అంటే తొమ్మిదో తరగతి వాళ్లకి, ఇంకాస్త ఎక్కువ ఇస్తారు. 12 నిమిషాలంటే ఏంటి? ట్రాక్ 400 మీటర్లు, 8 ల్యాపులు, ల్యాపుకి 90 సెకన్లు. 200 మీటర్లకి 45. 100 మీటర్లకి 22న్నర. ఈ అంకెలు నోటికి రావాలి. ఎక్కాలు వచ్చినట్టు రావాలి. 13 నిమిషాలైతే ల్యాపుకి 97న్నర, 14 అయితే 105. మీ స్కూల్ ఇచ్చిన టైముని 8తో భాగించి ఆ అంకెని అద్దం మీద రాసుకోండి.

ఇక్కడో చిన్న మెలిక. 8 ల్యాపులంటే 3200 మీటర్లు. నిజమైన రెండు మైళ్లు 3218.7 మీటర్లు. కొందరు కోచ్‌లు గీత దగ్గరే మొదలుపెడతారు, కొందరు పద్ధతిగా 18.7 మీటర్లు వెనక నుంచి మొదలుపెడతారు. 12 నిమిషాల వేగంలో ఆ ముక్కకి నాలుగు సెకన్ల పైమాట. ఇంటి దగ్గర సరిగ్గా 12:00 తెచ్చుకుని ధీమాగా వెళ్లినవాడికి అక్కడ 12:04 వస్తుంది. కాబట్టి 11:50కి తయారవ్వండి.

ఇంకో దొంగ ఉన్నాడు, రెండో లేన్. ముప్పై మంది ఒకేసారి బయల్దేరతారు, లోపలి లేన్‌లో చోటుండదు, మీరు రెండో లేన్‌లో వంపు తిరుగుతారు. లేన్ ఒకటి బయటికి జరిగితే ల్యాపుకి సుమారు 7 మీటర్లు ఎక్కువ. ఎనిమిది ల్యాపులూ అలాగే తిరిగితే 56 మీటర్లు. పన్నెండు సెకన్లు! ఏ తప్పూ చేయకుండానే పన్నెండు సెకన్లు పోయాయి. మరి ఏం చేయాలి? వంపులో ఎవర్నీ దాటొద్దు. వంపంతా ముందువాడి వెనకే లోపలి గీతకి ఆనుకుని ఉండండి, తిన్నని దారి రాగానే దాటండి.

ఇప్పుడు అసలు జబ్బు. మొదటి ల్యాపు. మొదటి ల్యాపులో అందరికీ రెక్కలొస్తాయి. 90లో రావాల్సినవాడు 76లో వస్తాడు. వచ్చి "పద్నాలుగు సెకన్లు బ్యాంకులో వేశాను" అనుకుంటాడు. అది డిపాజిట్ కాదు బాబూ, అప్పు. నాలుగో ల్యాపు నుంచి వడ్డీ మొదలవుతుంది. ఐదు, ఆరు, ఏడు, ఆ మూడింట్లో 98, 102, 104 అలా జారిపోతుంది. కారణం తెలుసు కదా? శరీరం ఆక్సిజన్‌తో సర్దుకోగల వేగం ఒకటుంటుంది. దాన్ని మొదట్లోనే దాటేస్తే కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది, అది తగ్గాలంటే వేగం తగ్గించాల్సిందే, వేరే దారి లేదు. అందుకని మొదటి ల్యాపు 88 కన్నా తక్కువలో వచ్చిందంటే సంతోషించొద్దు, వెంటనే సర్దుకోండి. లెక్క చూడండి. ఏడు ల్యాపులు ఒక్కొక్కటి 91లో వస్తే 637 సెకన్లు. చివరి ల్యాపుకి ఇంకా 83 ఉన్నాయి. ఒక్క ల్యాపు 83లో పరిగెత్తడం ఓపిక మిగిలినవాడికి కష్టం కాదు. మిగలనివాడికి 100 కూడా కష్టమే.

ఇప్పుడు మీలో ఒకరు మనసులో అడుగుతున్నారు, "సాకర్‌లో ఎవరైనా ఎనిమిది ల్యాపులు ఒకే వేగంతో పరిగెడతారా?" పరిగెత్తరు. న్యాయమైన ప్రశ్న. ఆటంటే పరిగెత్తడం, ఆగడం, తిరగడం, నడవడం, మళ్లీ దూసుకుపోవడం. అందుకే కొందరు కోచ్‌లు రెండు మైళ్లు వదిలేసి వేరే టెస్టులకి మారారు. నా అభిప్రాయం అడిగితే వాళ్లదే సరైన దారి. రెండు మైళ్లలో వెనకపడే పిల్లవాడు పది గజాల్లో అందరికన్నా ముందుండొచ్చు, వింగ్‌లో, అంటే మైదానం అంచుల్లో, మనకి కావాల్సింది వాడే. కానీ ట్రైఅవుట్ రోజున నా అభిప్రాయంతో మీకు పనిలేదు. కోచ్ ఏది పెడితే అది పరిగెత్తాలి.

బీప్ టెస్టు. కెనడాలో లూక్ లెజే అనే శాస్త్రవేత్త 1980లలో తయారుచేశాడు. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు. బీప్ వచ్చేలోపు అవతలి గీత చేరాలి. మొదలు గంటకి 8.5 కిలోమీటర్ల వేగం, నిమిషానికోసారి అర కిలోమీటరు పెరుగుతుంది. మొదటి దశలో 20 మీటర్లకి ఎనిమిదిన్నర సెకన్లు దొరుకుతాయి, పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ వెళ్తారు. పదో దశకి వేగం 13 కిలోమీటర్లు, అంటే గీతకీ గీతకీ మధ్య ఐదున్నర సెకన్లు. అక్కడ కబుర్లుండవు. స్కూల్ పీఈ క్లాసులో పేసర్ అని మీరు చేసేది దీని తమ్ముడే. దాంట్లో 15 మీటర్ల రకం కూడా ఉంది, ఆ స్కోరు తెచ్చి దీంతో పోల్చుకోకండి.

ఈ టెస్టులో గుండె ఎంత పనిచేస్తుందో మలుపు కూడా అంత పనిచేస్తుంది. గీత మీద ఒక్క పాదం పడితే చాలు. కోన్ చుట్టూ ప్రదక్షిణ చేయకండి, ఇదేం గుడి కాదు. చివరి రెండడుగులు చిన్నవి చేసి, నడుము కిందికి దించి, ఒక్క కాలు మీద తిరిగి బయటికి నెట్టుకోవాలి. ఒకసారి కుడి కాలు, ఒకసారి ఎడమ కాలు. ఎప్పుడూ ఒకే కాలి మీద తిరిగితే ఎనభై మలుపుల తర్వాత ఆ తొడ పట్టేస్తుంది. ఇంకోటి, బీప్ కన్నా ముందే వెళ్లి గీత దగ్గర నిలబడితే ఒరిగేదేం లేదు, ఊరికే ఓపిక ఖర్చు. బీప్‌తో పాటే చేరడం నేర్చుకోవాలి.

యో-యో టెస్టు డెన్మార్క్ నుంచి వచ్చింది, యెన్స్ బాంగ్స్‌బో అనే ఆయన సాకర్ కోసమే రూపొందించాడు. 20 మీటర్లు వెళ్లి, 20 మీటర్లు రావాలి, తర్వాత పది సెకన్ల విరామం. ఆ విరామంలో వెనక 5 మీటర్ల కోన్ దాకా నెమ్మదిగా వెళ్లి గీత దగ్గరికి తిరిగొచ్చి నిలబడాలి. ఆటకి దగ్గరగా ఉండేది ఇదే. హైస్కూళ్లలో సాధారణంగా మొదటి లెవెల్ పెడతారు, అది గంటకి 10 కిలోమీటర్ల వేగంతో మొదలవుతుంది. రెండో లెవెల్ 13తో మొదలవుతుంది. రెండుసార్లు బీప్ తప్పితే అవుట్. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు, ఆ పది సెకన్లలో నడుము మీద చేతులేసుకుని వంగి నిలబడిపోవడం. కదులుతూ ఉండండి, ఊపిరి పూర్తిగా వదలండి, పది సెకన్లు పూర్తయ్యేసరికి గీత దగ్గర కాలు వేసి సిద్ధంగా ఉండండి. ఆలస్యంగా గీత చేరితే ఆ పరుగు మొదలవకముందే సగం పోయినట్టు.

ఈ రెండు టెస్టులకీ ఒక హెచ్చరిక. మన దగ్గర మైదానం మీద తెల్ల గీతలన్నీ గజాల్లో ఉంటాయి, అమెరికన్ ఫుట్‌బాల్ కోసం గీసినవి. ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేసేవాళ్లు 20 గజాల గీతలు చూసి అవే 20 మీటర్లనుకుంటారు. 20 గజాలంటే 18.29 మీటర్లే. ప్రతి పరుగులో మీటరున్నర పైన తక్కువ పరిగెత్తి, "నాకు పన్నెండో దశ వచ్చింది" అని ఊరంతా చెప్పుకుంటారు. ఆగస్టులో పదో దశలో ఊపిరాడక ఆశ్చర్యపోతారు. టేపు పెట్టి కొలవండి. టేపు లేకపోతే 20 గజాల గీత దాటి ఇంకో 5 అడుగుల 7 అంగుళాలు జరిపి కోన్ పెట్టండి.

120లు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం ఎండ్ జోన్లతో కలిపి 120 గజాలు కదా, ఈ చివర నుంచి ఆ చివరికి. 18 సెకన్లలోనో 20 సెకన్లలోనో వెళ్లాలి, ఇచ్చిన టైములో జాగింగ్ చేసుకుంటూ తిరిగి రావాలి, కాసేపు ఆగాలి, మళ్లీ. ఇలా పదిసార్లు. టైము, విరామం స్కూల్‌కొక రకం. 18 సెకన్లంటే వినడానికి భయంగా ఉంటుంది కానీ అది మీ పూర్తి వేగం కాదు. మొదటిది 15లో పరిగెత్తి అందర్నీ ఓడించినవాడు ఏడోదాంట్లో గీత చేరడు. కోచ్ చూసేది మొదటిది కాదు. ఎనిమిది, తొమ్మిది, పది, వాటిని చూస్తాడు. ప్రతిదీ అర సెకను మిగిలేలా, పదీ ఒకేలా.

కోన్ షటిల్ కూడా అక్కడక్కడా ఉంటుంది. 5, 10, 15, 20, 25 గజాలకి వెళ్లి రావడం, మొత్తం 150 గజాలు, తొమ్మిది మలుపులు. మలుపు గురించి చెప్పిందే దీనికీ. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

తయారీ. ఎనిమిది వారాలుంటే బాగుంటుంది, ఆరున్నా పర్వాలేదు, రెండే ఉంటే అద్భుతాలు ఆశించకండి. వారానికి మూడు రోజులు పరుగు, రోజూ కాదు. మొదటి రెండు వారాలు, రెండు రోజులు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా 20, 25 నిమిషాలు. ఒక రోజు 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. మూడో వారం నుంచి 400 మీటర్లు ఎనిమిదిసార్లు, అనుకున్న ల్యాపు టైములోనే, విరామం 90 సెకన్లు. వారం వారం విరామం తగ్గించి 60కి తేవాలి. వేగం పెంచడం కాదు, విరామం తగ్గించడం. ఇది సరిగ్గా వినండి, సగంమంది ఇక్కడ తిరగేసి చేస్తారు. ఐదో వారంలో 800 మీటర్లు నాలుగుసార్లు, ఒక్కోటి మూడు నిమిషాల్లో. ఆరో వారంలో ఒక్కసారి పూర్తి టెస్టు. ఏడో వారంలో మలుపుల పరుగులు, 120లు. ఎనిమిదో వారం సగానికి తగ్గించేయాలి. ట్రైఅవుట్‌కి ముందు మూడు రోజుల్లో కొత్తగా వచ్చే బలం ఏమీ ఉండదు, అలసట మాత్రం వస్తుంది.

ఇప్పుడు మీ రెండు మైళ్లు 15 నిమిషాలనుకోండి. అంటే ల్యాపుకి 112న్నర. అలాంటప్పుడు మొదటి వారమే 90 పెట్టుకుంటే దెబ్బ తింటారు. 110తో మొదలుపెట్టి కిందికి రండి. రోజూ రెండు మైళ్ల టెస్టు పెట్టుకునే పిల్లలున్నారు, వాళ్ల తండ్రులు కారు పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని ఉంటారు. నవ్వకండి, నిజం. రోజూ పరీక్ష రాస్తే చదువెప్పుడు?

ముంగాలి ఎముక లోపలి అంచున నొప్పి వస్తే పరుగు పెంచడంలో తొందరపడ్డారని అర్థం. నొక్కితే ఒక్కచోటే, వేలంత చోట నొప్పి ఉంటే డాక్టరుకి చూపించండి, అది ఎముకలో సన్నటి చిట్లు కావొచ్చు. పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి మోకాలి చిప్ప కింద బుడిపెలా వాచి నొప్పి రావడం ఎదిగే వయసులో మామూలే, కానీ దాన్ని ఓర్చుకుని పరిగెత్తమనకండి. బూట్లు: ట్రాక్ మీదైతే రన్నింగ్ షూస్, టర్ఫ్ మీదైతే అలవాటైన క్లీట్స్, అంటే అడుగున బొడిపెలుండే సాకర్ బూట్లు. ఆ రోజు కొత్తవి వద్దు.

అమ్మలూ, ఇది మీకు. మన ఇళ్లలో శాకాహారం తినే ఆడపిల్లలు ఎంత పరిగెత్తినా టైము తగ్గడం లేదంటే, బద్ధకం అని తిట్టేముందు ఐరన్ చూపించండి. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి నిల్వలు అడుగంటి ఉండొచ్చు. మాత్రలు మాత్రం డాక్టరు చెబితేనే. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండండి, భోజనంతో పాటు టీ ఇవ్వకండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. టెస్టు రోజు పొద్దున పెసరట్టు ఉప్మా వద్దు. రెండు మూడు గంటల ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో, బ్రెడ్డో చాలు. ఆ రోజు శనివారం అయినా ఏకాదశి అయినా పిల్లని ఉపవాసంతో పంపకండి.

ఇక ఎండ. ఇది సరదా విషయం కాదు. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు కోరీ స్ట్రింగర్ వడదెబ్బతో చనిపోయాడు. మనకి వడదెబ్బ కొత్త మాట కాదు. గుంటూరులో, రామగుండంలో పెరిగినవాళ్లకి చెప్పాలా? కానీ మనకి తెలిసిన వడదెబ్బ ఎండలో నిలబడ్డవాళ్లకి వచ్చేది. ఇది పరిగెత్తేవాళ్లకి లోపలి నుంచి వచ్చే వేడి. మబ్బు రోజున కూడా రావొచ్చు, ఉక్కపోత చాలు. శరీరం వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. జులై అంతా ఏసీలో ఉండి ఆగస్టులో ఒక్కసారిగా మైదానంలో దిగితే ఎట్లా? జులై చివరి రెండు వారాలు బయటే పరిగెత్తండి, పొద్దున్నే మొదలుపెట్టి మెల్లగా ఎండలోకి జరపండి. ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ కనిపిస్తే ఆగి చెప్పండి, మీ టైము పోయినా సరే. అప్పుడు చేయాల్సింది 911కి ఫోన్ చేయడం, ఆ వెంటనే అక్కడే ఐసు నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచడం. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆంబులెన్స్ ఎక్కించాలి. మీ స్కూల్లో ఆ తొట్టి ఉందా అని అథ్లెటిక్ ట్రైనర్‌ని అడగండి. అడగడం తప్పు కాదు.

ఇంకొక విషయం, చాలామంది అడగనిది. సికిల్ సెల్ ట్రెయిట్. అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే జబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే రావడం. 2006లో రైస్ విశ్వవిద్యాలయం విద్యార్థి డేల్ లాయిడ్, 19 ఏళ్లవాడు, వంద గజాల స్ప్రింట్లు పదహారు పరిగెత్తి పడిపోయాడు, మర్నాడు చనిపోయాడు. ఆ ట్రెయిట్ ఉందని అతనికి తెలియదు. ఆ తర్వాతే కాలేజీ క్రీడల్లో పరీక్ష తప్పనిసరి దిశగా నియమాలు వచ్చాయి. ఇది మనకెందుకు అంటారా? మన రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది ఉంది. అమెరికాలో పుట్టిన పిల్లలకి పుట్టగానే రక్తపరీక్ష జరిగి ఉంటుంది, ఫలితం పిల్లల డాక్టరు దగ్గర దొరుకుతుంది. ఇండియాలో పుట్టి వచ్చిన పిల్లలకి జరిగి ఉండకపోవచ్చు. ఆడటానికి ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసిచ్చే ఫిజికల్ ఫారం నింపించడానికి వెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి. ట్రెయిట్ ఉంటే ఆట మానక్కర్లేదు. మొదటి రోజే విరామం లేని స్ప్రింట్లు చేయకూడదు, కాళ్లు బలహీనంగా అనిపిస్తే వెంటనే ఆగే హక్కు ఉండాలి, ఆ సంగతి కోచ్‌కి తెలిసి ఉండాలి. ఆస్తమా కూడా అంతే. దాచొద్దు. పంప్ ఇంట్లో మర్చిపోవద్దు, పరుగుకి పావుగంట ముందు వాడాలా అని డాక్టరుని ముందే అడిగి ఉంచుకోండి.

ఆ ఫిజికల్ ఫారం మాటొచ్చింది కాబట్టి. డాక్టరు సంతకం లేని ఫారంతో వెళ్తే మైదానంలోకే రానివ్వరు. 11:30లో పరిగెత్తేవాడైనా సరే. ఆగస్టులో అపాయింట్‌మెంట్లు దొరకవు, ఈ వారమే తీసుకోండి.

చివరిగా వాచీ గురించి ఎవరో చీటీ పంపారు. స్మార్ట్‌వాచ్ కొనాలా అని. అక్కర్లేదండీ. ల్యాపు బటన్ ఉన్న మామూలు డిజిటల్ వాచీ చాలు. జీపీఎస్ ట్రాక్ వంపుల్లో దూరం సరిగ్గా చూపించదు, దాన్ని నమ్మి వేగం మార్చుకుంటే మోసపోతారు. గీత దాటినప్పుడల్లా బటన్ నొక్కి 90 వచ్చిందా లేదా చూసుకుంటే చాలు. నాన్నలూ, మీరు కంచె అవతల నుంచి టైములు అరవకండి. కొన్ని స్కూళ్లు ట్రైఅవుట్లకి తల్లిదండ్రుల్ని రానివ్వవు, రానిచ్చినా కారులోనే కూర్చోండి. వాడి చేతికి వాచీ ఉంది కదా.